టాకో మసాలా ఇంట్లోనే: బ్యాడిగి మిరప, వేయించిన జీలకర్ర, చిటికెడు వాము

టాకో అంటే మెక్సికో వాళ్ళు పల్చటి రొట్టెలో కూర పెట్టి మడిచి తినేది, ఆ కూరకి వేసే మసాలా పొడి ఇది. ఈ పొడి చెడిందంటే మిరపకాయ దగ్గరే చెడుతుంది, అందుకే ముందు ఆ సంగతి తేల్చుకుందాం. మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళల్లో కారం అంటే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లులో ఆడించి డబ్బాకెత్తుకున్న ఘాటైన ఎర్ర కారం. కూరలో ఒక చెంచా పడితే చాలు. మెక్సికన్ రకం మసాలాలో మిరపపొడే దాదాపు సగం ఉంటుంది. ఇంటి కారమే సగం పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు, మొదటిసారి నేను చేసింది అదే. అరకిలో చికెన్ కీమాలో ఆ పొడి రెండు చెంచాలు వేస్తే పిల్లలు ఒక్క ముద్ద తిని నీళ్ళ గ్లాసుల కోసం పరిగెత్తారు. మా అత్తగారు ఓపిగ్గా నాలుగు ముద్దలు తిని, "ఏటమ్మా, కారం తప్ప ఇంకేటీ తెలియట్లేదు" అన్నారు. ఆవిడ సరిగ్గా పట్టుకున్నారు. మనం మిరపకాయని ఘాటు కోసం వేసుకుంటాం, మెక్సికో వంటలో మిరపకాయని దాని రుచి కోసం, రంగు కోసం, పులుపూ తీపీ కలిసినట్టుండే ఆ వాసన కోసం వేస్తారు. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే మిగతాదంతా మనకి చేతనైన పనే.

వాళ్ళు ఎక్కువగా వాడే ఎండు మిరపకాయ ఆంచో. పొబ్లానో అనే పెద్ద మిరపకాయని పండనిచ్చి ఎండబెడితే ఆంచో అవుతుంది. దాని ఘాటు స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000 మధ్య ఉంటుంది, మన గుంటూరు సన్నం 35,000 నుంచి 40,000 దాకా వెళ్తుంది. ఇదీ తేడా. కాబట్టి మనకి కావలసింది బ్యాడిగి మిరపకాయ, ఆ కర్ణాటక కాయ, ముడతలు ముడతలుగా, ముదురు ఎరుపులో, ఘాటు తక్కువగా ఉంటుంది. విజయనగరం గంటస్తంభం వైపు కిరాణా కొట్లలో అడిగి చూడండి, 'ముడత మిరపకాయ' అన్నా తెచ్చిస్తారు. దొరక్కపోతే కాశ్మీరీ మిరపకాయ తీసుకోండి. పొడి కన్నా కాయలే కొనమని గట్టిగా చెబుతున్నాను. ఒకసారి నేను ఒక కొట్లో కాశ్మీరీ కారం అని విడిగా తూచి ఇచ్చింది కొన్నాను, రంగు చూస్తే ముచ్చటేసింది, ఇంటికొచ్చి అనుమానం వచ్చి గాజు గ్లాసులో నీళ్ళు పోసి పైన అరచెంచా చల్లాను. చల్లీ చల్లగానే ఎర్రటి చారలు అడుగుదాకా దిగిపోయాయి. మిరపకాయ సొంత రంగు నూనెలో దిగుతుంది కానీ నీళ్ళలో అలా చారలు కట్టదు, చారలు దిగాయంటే పైనుంచి రంగు కలిపారనే. ఆ పొట్లం మొత్తం పారబోశాను. ఈ పరీక్షకి నిమిషం పట్టదు, పొడి కొనేవాళ్ళు తప్పకుండా చేసుకోండి.

కాయలు 40 గ్రాములు తీసుకోండి, గుప్పెడు పైన ఉంటాయి. తొడిమ తీసి, నిలువుగా చీల్చి, గింజలు చాలావరకు దులిపేయండి. అట్లపెనం సన్నని సెగ మీద పెట్టి, కాయల్ని పరిచి గరిటెతో నొక్కుతూ ఒక్కో వైపు అర నిమిషం చాలు. కాయ కాస్త ఉబ్బి, మెత్తబడి, ఎండు ద్రాక్ష వాసన లాంటిది వస్తుంది. ఆ వాసన రాగానే దించేయాలి. నల్ల మచ్చలు పడేదాకా ఉంచితే చేదు వచ్చేస్తుంది, ఆ చేదు తర్వాత ఏం వేసినా పోదు. పోపులో ఎండుమిరపకాయ నల్లబడ్డా పట్టించుకోని అలవాటు మనది, ఇక్కడ మాత్రం అది పనికిరాదు. కిటికీ తెరిచి పెట్టుకోండి, బ్యాడిగి అయినా దగ్గు తెప్పించే ఘాటు వస్తుంది.

పొగ వాసన కావాలనుకుంటే, నాకైతే కావాలి, చిపోట్లే అనే మిరపకాయ మెక్సికోలో పొగబెట్టిన హలపేన్యో రకం మిరపకాయే కాబట్టి ఆ రుచి ఈ పొడికి బాగా కుదురుతుంది. ఉద్దానం కొబ్బరి చిప్పలు మనకి కొదవ లేదు. ఒక చిప్ప ముక్కని స్టవ్ మీద నిప్పు కణికయ్యేదాకా కాల్చి, చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, వేయించిన కాయలున్న వెడల్పాటి గిన్నె మధ్యలో ఉంచి, కణిక మీద నాలుగు చుక్కలు నూనె వేసి వెంటనే మూత పెట్టేయండి. పది నిమిషాలు. కాయలకే పొగ పట్టించండి, పొడి చేశాక వద్దు, మెత్తటి పొడి నిప్పు పక్కన ఉండటం మంచిది కాదు.

జీలకర్ర దగ్గర మనవాళ్ళు రెండో పొరపాటు చేస్తారు. మన చెయ్యి ఏ పొడి చేసినా ధనియాల వైపే పోతుంది, సాంబారు పొడిలోనూ, కూర కారంలోనూ ధనియాలదే పెద్ద వాటా. ఇక్కడ తిరగేయాలి, జీలకర్ర ముందు, ధనియాలు వెనక. జీలకర్ర రెండు టేబుల్ స్పూన్లకి ధనియాలు రెండు టీస్పూన్లే. రెండూ విడివిడిగా, నూనె లేకుండా వేయించండి, ఎందుకంటే జీలకర్ర తొందరగా మాడుతుంది. చిటపటలాడి రంగు ఒక్క మెట్టు ముదరగానే పళ్ళెంలోకి వంపేయండి, పెనంలో వదిలేస్తే దించాక కూడా వేగుతూనే ఉంటుంది. పసుపు వద్దు, లవంగం దాల్చినచెక్క వద్దు, అల్లం పొడి అసలే వద్దు. వేయాలని చెయ్యి లాగుతుంది, తెలుసు, కానీ అవి పడగానే అది కోడికూర మసాలా అయిపోతుంది.

ఇక ఒరిగానో. పిజ్జా కొన్నప్పుడు వచ్చే చిన్న పొట్లాల్లోది మధ్యధరా సముద్రం వైపు మొక్క, పుదీనా కుటుంబం. మెక్సికో ఒరిగానో వేరే మొక్క, వేరే కుటుంబం, వాసన ఇంకా గట్టిగా ఉంటుంది. దానిలో గుప్పుమనే వాసననిచ్చే థైమాల్ అనే నూనె మన వాములోనూ దండిగా ఉంది. అందుకే నేను పొట్లాల ఒరిగానో రెండు టీస్పూన్లు వేసి, దానికి తోడు పావు టీస్పూను వాము అరచేతిలో నలిపి వేస్తాను. పావు టీస్పూనుకి మించితే జంతికల వాసన వచ్చేస్తుంది, చూసుకోండి. కుండీలో వామాకు చెట్టు ఉన్నవాళ్ళు, మనవైపు బజ్జీల కోసం చాలా ఇళ్ళల్లో పెంచుతారు కదా, రెండు ఆకులు సన్నగా తరిగి వండేటప్పుడు కూరలోనే వేసుకోండి. ఆకు మందంగా, నీటితో నిండి ఉంటుంది కాబట్టి ఎండబెట్టి పొడిలో కలపాలని చూడకండి.

ఉల్లిపొడి, వెల్లుల్లి పొడి బజారులో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, ఒక్కసారికి ఆ చిన్న ప్యాకెట్లు చాలు. కానీ ఇంట్లో చేసిన ఉల్లిపొడి ఒకసారి వాసన చూస్తే మళ్ళీ కొనబుద్ధి కాదు. రోహిణి కార్తె ఎండలు దీనికి సరైన సమయం. కిలో ఉల్లిపాయలు కాగితంలా పల్చగా కోసి, చాపల మీద కాకుండా స్టీలు పళ్ళేల్లో పరిచి, పైన పల్చటి నూలు చీర కప్పి మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. ఉల్లిపాయలో దాదాపు తొంభై శాతం నీరే కాబట్టి కిలోకి వంద గ్రాముల చుట్టుపక్కలే మిగులుతుంది, తక్కువ వచ్చిందని బెంగ పడకండి. సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చేయాలి. భీమిలి నుంచి భావనపాడు దాకా మనది సముద్రపు గాలి, పొద్దు వాలగానే ఆ గాలిలో తేమ పొద్దుటి నుంచీ ఎండిన ముక్కని మళ్ళీ మెత్తబెట్టేస్తుంది. వెల్లుల్లి కూడా అంతే, రెబ్బని మూడు నాలుగు పలకలుగా కోయాలి, లేకపోతే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పోయిన శ్రావణంలో నా సీసా మొత్తం బూజు పట్టింది అందుకే. ముక్కని వంచితే వంగకూడదు, టక్కున విరగాలి, విరిగిన చోట గోరుతో గీస్తే పొడి రాలాలి. వానాకాలమైతే ఎండ మీద ఆశ వదిలేసి ప్యాకెట్ పొడులే కొనుక్కోండి.

ఇప్పుడు కొలతలు. మిక్సీలో ఆడించిన బ్యాడిగి పొడి నాలుగు టేబుల్ స్పూన్లు, జీలకర్ర పొడి రెండు టేబుల్ స్పూన్లు, ధనియాల పొడి రెండు టీస్పూన్లు, ఉల్లిపొడి రెండు, వెల్లుల్లి పొడి రెండు, ఒరిగానో రెండు, మిరియాల పొడి ఒకటి, వాము పావు. తీపి కలపని కోకో పొడి అర టీస్పూను, ఇది నా సొంత ఇష్టం, ఆంచోలో ఉండే ఆ ముదురు రుచి బ్యాడిగిలో కొంచెం తక్కువ, కోకో ఆ లోటు తీరుస్తుంది. ఘాటు కావాలనుకునే ఇంట్లో మన కారం అర టీస్పూనుతో మొదలుపెట్టండి. అన్నిటినీ ఒకేసారి మిక్సీలో వేయకండి. మిరపకాయలు పూర్తిగా చల్లారాక ముందు అవి, జల్లించి మొరుము మళ్ళీ తిప్పి, తర్వాత జీలకర్ర ధనియాలు మిరియాలు, చివర్లో పొడులన్నీ వెడల్పాటి పళ్ళెంలో పోసి చేత్తో కలపండి. మిక్సీ ఆపి ఆపి తిప్పాలి, ఆపకుండా తిప్పితే జారు వేడెక్కి వాసన అక్కడే పోతుంది.

మా తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చినప్పుడల్లా టాకో మసాలా ప్యాకెట్లు తెచ్చేవాడు. నేను ఆ ప్యాకెట్ల వెనక చదివే ఈ పొడి నేర్చుకున్నాను. అందులో మసాలాతో పాటు ఉప్పు, పంచదార, మొక్కజొన్న గంజిపిండి ఉంటాయి. 28 గ్రాముల ప్యాకెట్టు 450 గ్రాముల మాంసానికి అని రాస్తారు. నేను ఆ మూడూ నా సీసాలో వేయను. మనవైపు గాలికి ఉప్పు చెమ్మగిల్లి పొడి మొత్తం ఉండకడుతుంది, అదీ కాక ఉప్పు విడిగా ఉంటే చీజ్ మీద తక్కువ, బొబ్బర్లలో ఎక్కువ, మన ఇష్టం. కూర చిక్కబడాలంటే మొక్కజొన్న గంజిపిండి ఆ పూట వేసుకుంటాం.

గాజు సీసా, బిగుతు మూత, పొయ్యికి దూరంగా ఉండే చీకటి అర. ఈ మూడూ కుదిరితే మూడు నెలలు వాసన తగ్గదు. తడి చెంచా పెట్టకండి. ఉడుకుతున్న కూర మీద సీసా వంచి పోసే అలవాటు ఉంటే మానుకోండి, ఆ ఆవిరి సీసాలోకే పోతుంది.

మా అమ్మ చీపురుపల్లి నుంచి వచ్చినప్పుడు ఈ పొడి వాసన చూసి, "ఇది మనదేనే, ఇందులో పరాయిది ఏటుంది?" అంది. సగం నిజం. మిరపకాయ అసలు మెక్సికో వైపుది, 1498 తర్వాత పోర్చుగీసు ఓడల వల్ల మన దేశానికి చేరింది. జీలకర్ర, ధనియాలు దానికి ఎదురు దారిలో స్పెయిన్ వాళ్ళతో మెక్సికో వెళ్ళాయి. టమాటా, మొక్కజొన్న, రాజ్మా కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అయితే ఇలా అన్నీ కలిపి పొడి కొట్టి అమ్మడం మాత్రం మెక్సికో పాత పద్ధతి కాదు. 1890ల్లో టెక్సాస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్ ఊళ్ళో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు మిరపపొడి మసాలా తయారుచేసి అమ్మిన దగ్గరి నుంచి ఈ దారి బాగా విస్తరించింది. మెక్సికో ఇళ్ళల్లో ఇప్పటికీ ఎండు మిరపకాయలు వేయించి, వేడినీళ్ళలో నానబెట్టి, ముద్దగా రుబ్బుతారు. తీరిక ఉన్న రోజు మీరూ అలా చేసుకోవచ్చు, మిగతా పొడులు ఆ ముద్దలో కలిపితే రుచి ఇంకో మెట్టు పైనుంటుంది.

వాడేటప్పుడు పొడి నూనెలో పడాలి, నీళ్ళలో కాదు. కీమా చేస్తున్నారనుకోండి, అరకిలోకి రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఒక పెద్ద ఉల్లిపాయ, తర్వాత కీమా వేసి పెద్ద సెగ మీద నీరంతా ఇగిరి నూనె శబ్దం మళ్ళీ వినిపించేదాకా వేయించాలి. అప్పుడు మంట తగ్గించి రెండు టేబుల్ స్పూన్లు నిండుగా పొడి, ఉప్పు వేసి నిమిషం పాటు కలపండి. నూనె ఎర్రగా పైకి తేలడం కనిపిస్తుంది, అదే గుర్తు. వెంటనే రెండు టమాటాల గుజ్జు, అరగ్లాసు నీళ్ళు. చికెన్ కీమా పావుగంటలో అయిపోతుంది, వేట మాంసం కీమా అయితే ముందే కుక్కర్లో ఉడికించుకోవాలి. చివర్లో నిమ్మకాయ పిండండి, అది లేకపోతే పొడి ఎంత బాగా కుదిరినా రుచి పైకి తేలదు.

మా ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యేది మాత్రం పనసపొట్టు మీద. రైతుబజారులో పొట్టు కొట్టి ఇస్తారు కదా, ఆవ పెట్టి కూర చేసుకునే ఆ పొట్టే. ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండేసి, రెండు చేతులతో పీచులుగా విడదీయండి. ఇనప మూకుడులో నూనె కొంచెం ఎక్కువగా పోసి, పొడి వేసి, పొట్టు వేసి కదపకుండా రెండు నిమిషాలు వదిలేయండి. అడుగున అంచులు ముదురు గోధుమరంగులోకి తిరుగుతాయి, అప్పుడే తిప్పాలి. ఇలా మూడు నాలుగుసార్లు తిప్పాక కొన్ని పీచులు కరకరలాడతాయి, కొన్ని మెత్తగా, మాంసం చీలికల్లా ఉంటాయి. అమెరికాలో శాకాహారులు టాకోలలో పెట్టుకునేది ఈ పచ్చి పనసే, వాళ్ళకి డబ్బాల్లో దొరికేది మనకి తాజాగా దొరుకుతోంది. కార్తీకమాసంలో వెల్లుల్లి, ఉల్లి తినని ఇళ్ళవాళ్ళు ఆ రెండు పొడులూ మానేసి చిటికెడు ఇంగువ వేసుకోండి, రుచి వేరుగా ఉంటుంది కానీ బాగుంటుంది.

రాజ్మా, బొబ్బర్లు రెండూ దీనికి సరిపోతాయి. రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్లో మెత్తగా ఉడికించండి, సగం ఉడికిన ఎర్ర రాజ్మా కడుపు పాడుచేస్తుంది, ఈ విషయంలో అశ్రద్ధ వద్దు. ఉడికాక మూడోవంతు గింజల్ని గరిటెతో మెదిపి, పొడి వేయించిన నూనెలో కలిపితే గ్రేవీ దానంతటదే చిక్కబడుతుంది. రొయ్యలకి పావుకిలోకి రెండు టీస్పూన్లు చాలు, పట్టించి పావుగంట ఉంచి, ఒక్కో వైపు రెండు నిమిషాలు.

వీటిని దేనిలో చుట్టాలి అంటే చపాతీలోనే. మొక్కజొన్న పిండితో అసలు టోర్టియా, అంటే టాకో చుట్టే మెక్సికో రొట్టె, చేద్దామని చాలామంది ప్రయత్నించి విసిగిపోతారు, పిండి విరిగిపోతుంది. అది మీ చేతి తప్పు కాదు. మెక్సికోలో మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు, ఆ సున్నం వల్లే పిండికి సాగే గుణం వస్తుంది, మన మిల్లులో ఆడించిన పొడిపిండికి అది ఉండదు. మొక్కజొన్న పిండి ఒక వంతు, గోధుమపిండి ఒక వంతు, మరిగే నీళ్ళతో కలిపి ఇరవై నిమిషాలు మూతపెట్టి ఒత్తుకోండి, వాసన ఆ దారిలోనే ఉంటుంది, విరగదు. పక్కన టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి ఉప్పు నిమ్మరసం కలిపిన పచ్చి సల్సా, గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు. అంతకంటే హంగు అక్కర్లేదు.

కుంపటి మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు మన రోడ్ల పక్కన ఉప్పూకారం నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. మెక్సికో వీధుల్లోనూ పొత్తు అమ్ముతారు, మీద క్రీమో మయొనీసో రాసి, చీజ్ తురుము, మిరపపొడి చల్లి, నిమ్మ పిండి ఇస్తారు. ఇంట్లో పొత్తు కాల్చినప్పుడు మీగడ పల్చగా రాసి, పనీరు తురుముకి కాస్త ఉప్పు కలిపి అద్ది, ఈ పొడి అర టీస్పూను చల్లి చూడండి.

పప్పులో, పులుసులో, రసంలో మాత్రం వేయకండి, చింతపండుకీ ఒరిగానోకీ పడదు. వేయించిన బంగాళాదుంపలు, మరమరాలు, ఇంట్లో పేల్చిన మొక్కజొన్న పేలాలు, వీటన్నిటి మీదా చల్లుకోవచ్చు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలకి అయితే ఒలిచిన గింజల్ని చెంచాడు నెయ్యిలో కలిపి, వేడి మీద ఉండగానే పొడి చల్లాలి, చల్లారాక వేస్తే పొడి గింజకి పట్టకుండా గిన్నె అడుగునే మిగిలిపోతుంది.